నచ్చని నాయకుడి కోసం ప్రార్థన: క్రైస్తవ సంప్రదాయం నిజంగా ఏం అడుగుతోంది?

క్లుప్తంగా

అధికారంలో ఉన్నవారి కోసం ప్రార్థించాలని బైబిల్ చెబుతోంది. ఆ అధికారి మనం ఓటు వేయని మనిషైతే, చేసే పనులు తప్పనిపిస్తుంటే ఏమని ప్రార్థించాలన్నది చాలా సంఘాల్లో తేలని ప్రశ్న. ఆ ఆజ్ఞ రాసిన కాలంలో పాలకులు క్రైస్తవులకు చుట్టాలు కారు. కాబట్టి ప్రార్థన చేస్తే మద్దతిచ్చినట్టే అన్న లెక్క మూలంలో లేదు. స్టేజీ, పేరు, కెమెరా వచ్చి చేరాకే ఆ లెక్క మొదలవుతుంది. ప్రార్థనలో అసలు ఏం అడుగుతున్నారు, అడిగేవాడు తనను తాను ఎక్కడ నిలబెట్టుకుంటున్నాడు అన్న రెండు విషయాలు చూస్తే అయోమయం చాలావరకు విడిపోతుంది.

ఒక ఆదివారం, ఒక గురువారం

2019 జూన్ 2. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో మెక్లీన్ బైబిల్ చర్చి. పాస్టర్ డేవిడ్ ప్లాట్ మధ్యాహ్నం ఆరాధనలో ప్రసంగం ముగించి, ప్రభు బల్లకు ముందు కాసేపు మౌనంగా ఉందామని పక్కకు జరిగారు. అంతలో లోపలికి పిలిపించి, అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ దారిలో ఉన్నారని, నిమిషాల్లో వస్తారని, తన కోసం ప్రార్థన చేయమంటున్నారని చెప్పారు. ట్రంప్ గోల్ఫ్ మైదానం నుంచి నేరుగా వచ్చారు. ప్లాట్ ఆయనను వేదిక మీదకు తీసుకొచ్చి, అధికారుల కోసం ప్రార్థించమనే, తిమోతికి రాసిన మొదటి పత్రిక 2వ అధ్యాయం చదివి, చేతిలో బైబిల్‌తో ప్రార్థించారు. అధ్యక్షుడికి జ్ఞానం, కృప ఇవ్వమని అడిగారు. అక్కడితో ఆగకుండా చట్టసభలు, కోర్టులు, రాష్ట్ర, స్థానిక నాయకుల కోసం కూడా అడిగారు. ట్రంప్ ఏమీ మాట్లాడకుండా వెళ్లిపోయారు.

సాయంత్రానికల్లా వీడియో దేశమంతా తిరిగింది. ఆ ప్రార్థన కొందరు సభ్యుల మనసు నొప్పించిందని తనకు తెలుసంటూ ప్లాట్ సంఘానికి ఉత్తరం రాశారు. దాంతో రెండో వైపు నుంచి విమర్శ మొదలైంది. అధ్యక్షుడి కోసం ప్రార్థించి మళ్లీ సంజాయిషీ ఎందుకని వాళ్ల ప్రశ్న. ఒకే ప్రార్థన ఒక వర్గానికి లొంగుబాటుగా, మరో వర్గానికి చాలీచాలని భక్తిగా కనిపించింది. ప్రార్థనలోని మాటల్ని మాత్రం రెండు వర్గాల్లోనూ పట్టించుకున్నవారు తక్కువ.

ఎనిమిది నెలల తర్వాత దృశ్యం తిరగబడింది. 2020 ఫిబ్రవరి 6, గురువారం. వాషింగ్టన్‌లో ఏటా జరిగే జాతీయ ప్రార్థనా అల్పాహార సభ. అభిశంసన విచారణలో సెనేట్ ట్రంప్‌ను నిర్దోషిగా తేల్చింది ఆ ముందు రోజే. అభిశంసనను నడిపించిన స్పీకర్ నాన్సీ పెలోసీ అదే వేదిక మీద కూర్చున్నారు. తాను అధ్యక్షుడి కోసం ఎప్పుడూ ప్రార్థిస్తుంటానని ఆమె అంతకుముందు డిసెంబర్‌లో విలేకరులతో అన్నారు. ఆ సభలో వక్త ఆర్థర్ బ్రూక్స్ శత్రువులను ప్రేమించమన్న యేసు మాట మీద మాట్లాడారు. తర్వాత లేచిన ట్రంప్, బ్రూక్స్‌తో తాను ఏకీభవిస్తానో లేదో తెలియదన్నారు. మీ కోసం ప్రార్థిస్తున్నామని చెబుతూ నిజానికి ఆ పని చేయనివాళ్లు తనకు నచ్చరని కూడా అన్నారు. పేరు చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ లేకపోయింది.

ఒకచోట ప్రార్థన చేసినవాడి మీద నింద పడితే, రెండోచోట ప్రార్థిస్తున్నానన్న మాట మీదే అనుమానం పుట్టింది. వేరొకరి రహస్య ప్రార్థనను పరీక్షించే మార్గం ఎవరికీ లేదు. కాబట్టి "మీ కోసం ప్రార్థిస్తున్నా" అనే మాట రాజకీయంలోకి వచ్చిందంటే, దేవుడి సంగతి పక్కకుపోయి అది ఎదుటివాడికి చెప్పే మాట అయిపోతుంది.

ఆజ్ఞ పుట్టిన కాలం

"రాజులకొరకును అధికారులందరికొరకును" ప్రార్థనలు చేయమన్న తిమోతి పత్రిక మాటకు పాత నిబంధనలో ముందే పునాది ఉంది. యెరూషలేము నుంచి బబులోనుకు చెరగా పోయినవారికి యిర్మీయా రాసిన ఉత్తరం (29వ అధ్యాయం) మిమ్మల్ని చెరపట్టిన పట్టణం క్షేమం కోసమే ప్రార్థించండి, దాని క్షేమంలోనే మీ క్షేమం ఉంది అంటుంది. ఇక్కడ బబులోను రాజు నెబుకద్నెజరు మంచివాడన్న మాట లేదు. ఊరు తగలబడితే అందులో కాపురం ఉన్నవాళ్లూ కాలిపోతారన్న వాస్తవం మాత్రమే ఉంది.

రోమన్ల కాలంలో యెరూషలేము దేవాలయంలో చక్రవర్తి క్షేమం కోసం రోజూ బలులు జరిగేవి. చక్రవర్తిని దేవుడిగా పూజించడానికి యూదులు ఒప్పుకోరు, అలాగని తిరుగుబాటుదారులన్న ముద్రా పడకూడదు. ఈ రెంటికీ మధ్య కుదిరిన ఏర్పాటు అది. క్రీ.శ. 66లో దేవాలయ అధికారి ఎలియాజరు అన్యుల తరఫున బలులు ఇకపై వద్దని యాజకులను ఒప్పించాడు. రోముతో యుద్ధానికి పునాది అక్కడే పడిందని చరిత్రకారుడు జోసెఫస్ రాశాడు. ప్రార్థన ఆపేయడం కూడా ఒక రాజకీయ ప్రకటనే అని ఈ ఘటన చూపిస్తుంది.

క్రైస్తవులు ఇదే పద్ధతిని బలులు లేకుండా కొనసాగించారు. దాదాపు క్రీ.శ. 112లో పోంటస్-బితూనియ (నేటి టర్కీలో ఒక ప్రాంతం) రోమన్ గవర్నర్ ప్లినీ, క్రైస్తవులన్న అనుమానం ఉన్నవారిని చక్రవర్తి విగ్రహం ముందు ధూపం, ద్రాక్షారసం అర్పించి క్రీస్తును శపించమనేవాడు. ఆ పని చేస్తే విడుదల. పదేపదే అడిగినా తాము క్రైస్తవులమేనన్నవారికి మరణశిక్ష. ఇంచుమించు అదే తరంలో రోము సంఘం కొరింథుకు పంపిన ఉత్తరం, క్లెమెంట్ పేరు మీద ఉన్నది, పాలకులకు ఆరోగ్యం, సమాధానం, స్థిరత్వం ఇవ్వమనే పొడవాటి ప్రార్థనతో ముగింపుకొస్తుంది. మూడో శతాబ్దం రాబోతుండగా ఉత్తర ఆఫ్రికాలో క్రైస్తవ రచయిత తెర్తుల్లియన్ అదే వాదన చేశాడు: చక్రవర్తి కోసం మేం ప్రార్థిస్తాం, చక్రవర్తికి మాత్రం ప్రార్థించం. చక్రవర్తి కోసం మరొకరిని వేడుకోవాలంటే ఆయన పైన ఆ మరొకరు ఉన్నట్టే కదా. పాలకుడి ఆయుష్షు కోరుతూనే ఆయన స్థాయిని తగ్గించే ఈ కిటుకు రోమన్ అధికారులకు అర్థం కాకపోలేదు.

అచ్చులో ఉన్న ప్రార్థన, నోటికొచ్చిన ప్రార్థన

ఈ రోజు గొడవల్లో సగం వాటికి కారణం సిద్ధాంతం కంటే ఆరాధన పద్ధతి. కేథలిక్, ఆంగ్లికన్, సీఎస్‌ఐ లాంటి సంఘాల్లో విజ్ఞాపన ప్రార్థనలు పుస్తకంలో ఉంటాయి. ప్రభుత్వం మారితే పేరో పదవో మారుతుంది గానీ వాక్యం మారదు. అందుకే దాన్ని చదివిన గురువు ఏ పార్టీ మనిషో ఎవరూ ఊహించలేరు. బాప్టిస్టు, పెంతెకొస్తు, స్వతంత్ర సంఘాల్లో పాస్టర్ అప్పటికప్పుడు మాటలు కూర్చుకుంటాడు. "మంచి నాయకుణ్ణి ఇచ్చినందుకు స్తోత్రం" అన్నా, "కళ్లు తెరిపించు ప్రభువా" అన్నా జనం దాన్ని పార్టీ లెక్కలోనే చదువుతారు.

అలాగని పుస్తకం పూర్తి రక్షణ ఇవ్వదు. 1662 ఆంగ్లికన్ ప్రార్థనా గ్రంథంలో రాజు తన శత్రువులందరినీ జయించేలా బలపరచమనే ప్రార్థన ఉంది. 1776 నాటికి అమెరికా వలసల్లో ఆ శత్రువులు ఎవరో కాదు, ఆ బల్లల మీద కూర్చుని "ఆమెన్" అనాల్సినవాళ్లే. ఫిలడెల్ఫియా క్రైస్ట్ చర్చి పెద్దలు జూలై 4న సమావేశమై రాజు కోసం చేసే ప్రార్థనలను తీసేయాలని తీర్మానించారు. అక్కడి ప్రధాన గురువు (రెక్టర్) జాకబ్ డ్యూషే తన ప్రార్థనా గ్రంథంలో రాజు ప్రస్తావన ఉన్న వరుసలను కలంతో కొట్టేశాడు. ఆ మార్పులు మోసిన ప్రతి ఇప్పటికీ ఉంది. అదే డ్యూషే మరుసటి ఏడాది, బ్రిటిష్ సేన నగరాన్ని పట్టుకున్నాక, స్వాతంత్ర్య ప్రకటనను వెనక్కి తీసుకునేలా చూడమని జార్జ్ వాషింగ్టన్‌కు ఉత్తరం రాశాడు. పుస్తకంలో గీత కొట్టినంత తేలిక కాదు మనసులో కొట్టడం.

తొంభై ఏళ్లకు అమెరికా అంతర్యుద్ధం అదే తలనొప్పిని తిరిగి తెచ్చింది. యుద్ధంలో ఓడిన దక్షిణ రాష్ట్రాల్లో ఒకటైన అలబామా బిషప్ రిచర్డ్ హుకర్ విల్మర్, అధ్యక్షుడికి, పౌర అధికారులకు ఆరోగ్యం, అభివృద్ధి, దీర్ఘాయువు కోరే ప్రార్థనను సైనిక పాలన నడుస్తున్నంత కాలం చదవక్కర్లేదని తన గురువులకు చెప్పాడు. పౌర ప్రభుత్వమే లేదు, సైనిక పాలన దీర్ఘకాలం ఉండాలని ఎవరు కోరుకుంటారు అన్నది ఆయన తర్కం. 1865 సెప్టెంబర్‌లో అక్కడి సైన్యాధికారి బిషప్‌నూ, ఆయన గురువులనూ పరిచర్య నుంచి నిలిపేశాడు. 1866 జనవరికి ఆ ఉత్తర్వు రద్దయింది. విల్మర్ బానిసత్వం కోసం పోరాడిన పక్షం మనిషన్నది మరిచిపోకూడదు. అయినా ఆయన లేవనెత్తిన అంశం సరైనదే. ప్రార్థనలో ఏం అడుగుతున్నామో చూడకుండా "చదువు" అని తుపాకీతో చెప్పించే ప్రభుత్వం కోరేది విధేయతను. దాన్ని ప్రార్థన అనడం కుదరదు.

తగ్గింపు ఎక్కడుంటుంది?

తెలుగు సంఘాల్లో తగ్గింపు అంటే తల వంచుకుని, మెత్తగా మాట్లాడి, పెద్దలను ఎదిరించకపోవడం అన్న అర్థం పాతుకుపోయింది. రాజకీయాల దగ్గరకొచ్చేసరికి అది "నాయకులను ఏమీ అనకూడదు" అనే సలహాగా మారుతుంది. బైబిల్లోని ఉదాహరణలు దీన్ని బలపరచవు. ప్రవక్త నాతాను రాజు దావీదు ముఖం మీదే "ఆ మనుష్యుడవు నీవే" అన్నాడు. బాప్తిస్మమిచ్చు యోహాను హేరోదు పెళ్లిని తప్పుపట్టి తల పోగొట్టుకున్నాడు. గద్దింపుకూ ప్రార్థనకూ అక్కడ పోటీ లేదు.

లూకా 18లో, దేవాలయంలో ప్రార్థించిన పరిసయ్యుడు (నిష్ఠాపరుడైన మతస్థుడు), సుంకరి (పన్ను వసూలు చేసేవాడు) కథ అసలు గీటురాయి. పరిసయ్యుడి ప్రార్థనలో అబద్ధం ఉందని కథ చెప్పదు. అతడు ఉపవాసం ఉన్నాడు, పదో వంతు ఇచ్చాడు. తాను పక్కవాడిలా లేనందుకు కృతజ్ఞత చెప్పడం దగ్గర తప్పు జరిగింది. నచ్చని నాయకుడి కోసం చేసే ప్రార్థన చాలా తేలికగా ఈ దారి పడుతుంది. "అతని కళ్లు తెరిపించు" అనే మాటలో "నా కళ్లు ఇప్పటికే తెరిచి ఉన్నాయి" అన్న మాట దాగి ఉంటుంది.

ఈ పక్కదారికి పట్టపగలు దొరికే ఉదాహరణ అమెరికాలో 2009లో కనిపించింది. కార్ల మీద స్టిక్కర్లు వెలిశాయి: ఒబామా కోసం ప్రార్థించండి, కీర్తన 109:8. బైబిల్ తెరిచి చూస్తే, అతని జీవితదినములు కొద్దివగును గాక, అతని ఉద్యోగము వేరొకడు తీసికొనును గాక అన్న అర్థంలో ఉంటుంది. తర్వాతి వచనం అతని భార్య విధవరాలు కావాలంటుంది. 2016 జూన్‌లో ఒక సెనేటర్ ఇదే కీర్తనను క్రైస్తవ సభలో చమత్కారంగా ప్రస్తావిస్తే నవ్వులు వినిపించాయి. శాప కీర్తనలు బైబిల్లో ఉన్నాయి, అణగారినవారు వాటిని ఏడుస్తూ చదివిన సందర్భాలూ ఉన్నాయి. జోక్‌గా వాడటమే వాటికి జరిగిన అన్యాయం.

దీనికి సరిగ్గా ఎదురు ఉదాహరణ 1938 జర్మనీ. చెకోస్లోవేకియాలోని సుడెటెన్‌లాండ్ ప్రాంతం గొడవతో యుద్ధం తప్పదనిపించిన సెప్టెంబర్ నెలలో, నాజీలకు లొంగని కన్ఫెసింగ్ చర్చి నాయకత్వం 30వ తేదీన జరపడానికి ఒక ప్రార్థనా క్రమం రాసింది. హిట్లర్‌ను తిట్టలేదు. తమ పాపాలను, తమ జాతి పాపాలను ఒప్పుకుని, యుద్ధాన్ని తప్పించమని దేవుణ్ణి వేడుకుంది. దానికి ముందు రాత్రే, యుద్ధాన్ని ఆపిన మ్యూనిక్ ఒప్పందం కుదరడంతో ఆ ఆరాధన అవసరం పోయింది. నాజీ ఎస్‌ఎస్ పత్రిక మాత్రం ఆ కాగితం సంపాదించి, ఇది దేశద్రోహమని రాసింది. ప్రభుత్వ ఒత్తిడికి కొందరు బిషప్పులు తమకు సంబంధం లేదని చేతులు దులుపుకున్నారు. రాసినవాళ్ల జీతాలు ఆగిపోయాయి. తిట్టును సహించే ప్రభుత్వాలు కొన్ని ఉండొచ్చు. "మేమందరం తప్పు చేశాం" అన్న ఒప్పుకోలును, అందులో తానూ ఉన్నాననే కారణంగా, నియంత భరించలేడు. తగ్గింపును బలహీనత అనుకునేవారికి ఈ ఘటన సమాధానం చెబుతుంది.

ప్రార్థించేవారి తగ్గింపు గురించి ఒక రాజకీయ నాయకుడే చెప్పిన మాట 1865 మార్చి 4 నాటిది. అబ్రహాం లింకన్ తన రెండో ప్రమాణ స్వీకార ప్రసంగంలో, రెండు పక్షాలూ ఒకే బైబిల్ చదువుతున్నాయి, ఒకే దేవుణ్ణి ప్రార్థిస్తున్నాయి, ఇద్దరి ప్రార్థనలూ నెరవేరడం సాధ్యం కాదు, ఏ ఒక్కరిదీ పూర్తిగా నెరవేరలేదు అన్నాడు. అదే ప్రసంగంలో బానిసత్వాన్ని నేరమనడానికి వెనకాడలేదు. తీర్పులో గట్టిగా ఉంటూ, దేవుడి ఉద్దేశం మొత్తం నాకు తెలుసు అనకపోవడం ఎలా ఉంటుందో చూడటానికి అంతకు మించిన నమూనా రాజకీయ చరిత్రలో అరుదు.

దించేయమని ప్రార్థించవచ్చా?

1985లో దక్షిణాఫ్రికా చర్చిల మండలి, సొవెటో విద్యార్థుల మీద కాల్పులు జరిగిన జూన్ 16ను అన్యాయ పాలన అంతం కోసం ప్రార్థనా దినంగా ప్రకటించాలన్న పిలుపును ముందుకు తెచ్చింది. పాలకులను మార్చమని కాదు, తొలగించమనే అడిగింది. సభ్య సంఘాల పెద్దల్లోనే కొందరు ఒప్పుకోలేదు. పాలకుల మారుమనస్సు కోసం అడగాలి గానీ పతనం కోసం కాదన్నారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో వెలువడిన కైరోస్ పత్రం, పై అధికారులకు లోబడమనే రోమా 13వ అధ్యాయాన్ని జాతివివక్షకు కాపలాగా వాడుకోవడాన్ని సూటిగా ఎండగట్టింది.

ఈ వాదనలో ఎవరిది పైచేయి? తిమోతి పత్రిక ప్రార్థనకు చెప్పిన కారణం చూస్తే కొంత తేలుతుంది. నెమ్మదిగా, సుఖంగా బ్రతకడం కోసం అంటుంది పత్రిక. పాలకుడి పదవి కాపాడటం కోసం అనదు. జనం నెమ్మదిగా బ్రతకడానికి పాలన అడ్డయినప్పుడు ఆ పాలన పోవాలని అడగడం ఆ కారణానికి విరుద్ధం కాదు. పాలకుడి మనిషితనాన్ని, అతని రక్షణను మర్చిపోయి అడగడం మాత్రం విరుద్ధం, ఎందుకంటే "మనుష్యులందరికొరకును" అన్న మాట రాజుల కంటే ముందే ఉంది.

పేరు తీసేయడం ఇంకో దారి. 2017 జనవరిలో కాలిఫోర్నియాలోని పసదేనా ఆల్ సెయింట్స్ ఎపిస్కోపల్ చర్చి ప్రార్థనల్లో అధ్యక్షుడి పేరు చెప్పడం ఆపి, పదవి మాత్రమే చెప్పాలని నిర్ణయించింది. ఆ పేరు వింటేనే భయపడేవారు సంఘంలో ఉన్నారన్నది కారణం. జాలితో తీసుకున్న నిర్ణయమే అయినా అందులో ఒక ఇబ్బంది ఉంది. అంతకుముందు అధ్యక్షుల పేర్లు చదివి ఈయన దగ్గర ఆపితే, ఆ మౌనమే ఒక ప్రకటన అవుతుంది. క్రీ.శ. 66లో బలి ఆగినప్పటి పరిస్థితికి ఇది చిన్న నమూనా. మొదటి నుంచీ ఎవరి పేరూ చదవని సంఘాలకు ఈ చిక్కు రాదు.

మన దగ్గర

భారతదేశంలో ఈ అంశం జాతీయ వార్త అయింది 2018 మేలో. ఢిల్లీ ఆర్చ్‌బిషప్ అనిల్ కూటో తన పరిధిలోని చర్చిలకు రాసిన ఉత్తరంలో, దేశంలో కల్లోల రాజకీయ వాతావరణం రాజ్యాంగ విలువలకు, లౌకిక స్వభావానికి ముప్పుగా ఉందని చెప్పి, 2019 ఎన్నికలను దృష్టిలో పెట్టుకుని దేశం కోసం ప్రార్థించమని, శుక్రవారాలు ఉపవాసం ఉండమని కోరారు. అధికార పక్షం నాయకులు దీన్ని ఎన్నికల ప్రచారమన్నారు. ఏ పార్టీకీ వ్యతిరేకం కాదని ఆర్చ్‌బిషప్ వివరణ ఇచ్చారు. దేశం కోసం ప్రార్థించడం చర్చికి కొత్త కాదు. కానీ పరిస్థితి ఇలా ఉందన్న నిర్ధారణను ప్రార్థనకు ముందుమాటగా పెట్టడంతో, జనం ప్రార్థనను వదిలేసి ముందుమాట చదివారు. ఆ నిర్ధారణ సరైనదా కాదా అన్నది వేరే చర్చ.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో చిక్కు వేరే రకం. ఇక్కడ తరచూ వినిపించే ఫిర్యాదు వ్యతిరేకత గురించి కాదు, చేరువ గురించి. డిసెంబర్ వచ్చిందంటే రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ క్రిస్మస్ విందులు, కేకు కోతలు, ముఖ్యమంత్రి పక్కన బిషప్పులు, పాస్టర్లు. ఎన్నికల ముందు అభ్యర్థి తల మీద చెయ్యి పెట్టి చేసే ప్రార్థన వాట్సాప్‌లో తిరుగుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో పాస్టర్లకు నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం పథకం వచ్చాక ఈ అనుమానం ఇంకాస్త ముదిరింది. చిన్న పల్లెల్లో సొంత ఆదాయం లేని పాస్టర్‌కు అది పెద్ద ఆసరా. అదే సమయంలో, ఇచ్చినవారి కోసం చేసే ప్రార్థన ఎంత నిజాయితీగా చేసినా వినేవారికి రసీదులా వినిపించే ప్రమాదం ఉంది.

మరో లెక్క కూడా ఉంది. తెలుగు క్రైస్తవుల్లో చాలామంది దళిత కుటుంబాల నుంచి వచ్చినవారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి మారినవారికి ఎస్సీ హోదా వర్తించదు. కాబట్టి రిజర్వేషన్, ఇంటి పట్టా, శ్మశాన స్థలం లాంటి విషయాల్లో ప్రభుత్వం ఏం చేస్తుందన్నది వాళ్లకు రోజువారీ టెన్షన్. ఇలాంటి సంఘంలో "అధికారులకు న్యాయబుద్ధి ఇవ్వు" అన్న ప్రార్థన మొక్కుబడి మాట కాదు. మండల ఆఫీసులో ఆగిపోయిన కాగితం గురించి అది.

ఒకే సంఘంలో మూడు పార్టీల వాళ్లు కూర్చునే చోట పాస్టర్లు సాధారణంగా రెండు జాగ్రత్తలు పాటిస్తారు. పేరు బదులు పదవి చెప్పడం, అధికార పక్షంతో పాటు ప్రతిపక్షాన్నీ కలపడం. ఎన్నికల ఫలితం వచ్చిన తర్వాతి ఆదివారం వీటికి అసలు పరీక్ష. మే నెలలో ఓడిపోయిన ముఖ్యమంత్రి కోసం చేసిన మాటలే జూన్‌లో గెలిచిన ముఖ్యమంత్రి కోసం చేయగలిగిన పాస్టర్‌ను ఏ పార్టీ మనిషి అనడం కష్టం. స్తోత్రాల సంఖ్య పెరిగితేనో, గొంతు ఒక్కసారిగా నీరసపడితేనో వెనక బల్ల మీద కూర్చున్నవాళ్లు ఇట్టే పట్టేస్తారు.